మా చెల్లెలు వేసిన గది

ఆ రోజు ఉదయం మా చెల్లెలు ఇంట్లో చేసిన చివరి పని, అమ్మ మంచం పక్కనున్న స్టూలు మీద కళ్ళజోడు పెట్టెను కాస్త ఎడమకు జరపడం. జరిపి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, ఒక కన్ను మూసుకుని చూసింది. మళ్ళీ వెళ్ళి ఇంకొంచెం జరిపింది. నేను వంటగది గట్టుకు ఆనుకుని టీ తాగుతున్నాను.

"ఆలస్యమవుతోందే," అన్నాను. "ఆ పెట్టె ఎక్కడుంటే ఏం? ఆవిడ కళ్ళజోడు పెట్టుకోవడం మానేసి ఎంతకాలమైంది?"

"పెట్టుకోదు. కానీ చూసుకుంటుంది. నిన్న ఇది ఇక్కడ లేదక్కా. నువ్వు తుడిచేటప్పుడు జరిపేశావు."

"అయితే నన్ను పోలీసులకి పట్టించు."

"పట్టిస్తా. సాయంత్రం రానీ," అని చెప్పులు వేసుకుంది. ఫ్రిజ్ తలుపు తీసి, అందులోంచి బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. తాళాలు ఫ్రిజ్‌లో ఎందుకున్నాయో ముందు ముందు చెబుతాను.

మధ్యాహ్నం తను పనిచేసే ఫోటో స్టూడియోలో, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న ఒక పెద్దాయనతో "గడ్డం కొంచెం పైకి బాబాయ్‌గారూ" అంటూనే, పక్కనున్న లైటు స్టాండును పట్టుకుని కిందికి జారిపోయిందట. తలలో నరం చిట్లిందన్నారు. నేను ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నలభై మూడేళ్ళది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "డేట్లు కుదరలేదండీ" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవారు, తనూ నవ్వేది, ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. కూతురు సినిమా తియ్యడం చదువుతానంటే ఆయనకు కోపం రాలేదు, అర్థం కాలేదు. "అదేమన్నా చదివితే వచ్చేదా?" అని అమాయకంగా అడిగారు. అమ్మ పట్టుబట్టి చేర్పించింది. ఆ కాలేజీలో పాఠాలకన్నా ప్రాజెక్టులు ఎక్కువ. నలుగురైదుగురు ఒక జట్టు, జట్టుకో చిన్న సినిమా. అందరూ డైరెక్టర్లమే అవుతామంటారు కాబట్టి చీట్లు వేసేవారట. మా చెల్లికి వచ్చిన చీటీ కంటిన్యుటీ. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య గదిలో ఏదీ మారకుండా చూసే పని. చొక్కాకి ఏ గుండీ ఊడి ఉంది, కుర్చీ ఎంత వంకరగా ఉంది, కొవ్వొత్తి ఎంత కాలింది. సరిగ్గా చేస్తే ఎవరికీ తెలియదు, తప్పితే అందరికీ తెలుస్తుంది.

మొదటి సినిమాలోనే దొరికిపోయింది. తండ్రీ కొడుకూ బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకునే సీను. తండ్రి ముందున్న గ్లాసులో నీళ్ళు సగం, మరుక్షణం నిండా, మళ్ళీ అడుగున కాసిని. హాల్లో కూర్చున్నవాళ్ళు ఆ తండ్రి గోడు వదిలేసి గ్లాసునే చూశారు. లైట్లు వేశాక వెనక వరసలోంచి ఎవరో "నటనకి ప్రైజు ఆ గ్లాసుకే సార్" అన్నారట. ఆ రోజు నుంచి కాలేజీ అంతటికీ మా చెల్లి గ్లాసు అయింది. ఇంటికి ఫోన్ చేసినవాళ్ళు కూడా "గ్లాసు ఉందాండీ?" అని అడిగితే నాన్న "ఉన్నాయి, ఎన్ని కావాలి?" అనేవారు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొన్నాళ్ళపాటు ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా ఒక్కసారి చుట్టూ చూసి, కళ్ళు మూసుకుని, ఏది ఎక్కడుందో పైకి చెప్పుకునేది. "తలుపు వెనక గొడుగు, పిడి కిందికి. గడియారం కింద చెమ్మ మరక, చెవి ఆకారం." నేను ఆ గొడుగు తీసి దాచేసి ఏడిపించేదాన్ని. "గొడుగు ఏదీ?" అని కళ్ళు తెరవకుండానే అడిగేది. ఎలా తెలిసేదో.

రెండో ప్రాజెక్టులో మైకు పట్టుకునే పని. తెలిసినవాళ్ళు ఊరెళుతూ ఇల్లు ఇచ్చారు. ఫ్రిజ్ చప్పుడు మైకులో పడుతోందని ఆపేశారు, పోయేటప్పుడు మళ్ళీ వెయ్యడం మర్చిపోయారు. ఇంటావిడ తిరిగొచ్చి తలుపు తీసేసరికి వాసన వీధి దాకా వచ్చింది. మిగతావాళ్ళు మాయమయ్యారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ ఫ్రిజ్ కడిగింది మా చెల్లే. ఆ తర్వాత ఎక్కడ ఫ్రిజ్ ఆపినా బండి తాళాలు అందులో పెట్టేది. ఇంటికి పోవాలంటే తాళాలు కావాలి, తాళాల కోసం ఫ్రిజ్ తెరిస్తే గుర్తొస్తుంది. కాలేజీ అయిపోయినా, సినిమా అయిపోయినా, ఆ అలవాటు మాత్రం అయిపోలేదు.

ఆఖరి ఏడాది తన సొంత సినిమా. బయట చోటు దొరక్క మా ఇంట్లోనే, అమ్మ గదిలోనే తీసింది. నటి అమ్మే. ఒకామె చొక్కాకి గుండీ కుడుతుంది. కుట్టడం అయ్యాక ఆ దారం తెంపేసి, మళ్ళీ మొదటినుంచి కుడుతుంది. అంతే కథ.

"ఎందుకు తెంపుతుందే?" అని నాన్న అడిగారు.

"చొక్కా ఇచ్చేస్తే పని అయిపోతుంది కదా నాన్నా."

"అయితే మంచిదేగా?"

"మీరు డిపోలో ఉండాల్సిందే నాన్నా, సినిమాల్లోకి రాకండి."

కెమెరా పట్టింది తన క్లాసు కుర్రాడు, మనిషి తాడిచెట్టంత ఉంటాడని అందరూ పొడుగు అనే పిలిచేవారు. వాళ్ళిద్దరూ కలిసి అమ్మని ఎన్నిసార్లు కూర్చోబెట్టారో, ఎన్నిసార్లు లేపారో. మాతో ఏ పనికైనా విసుక్కునే అమ్మ, ఆ కొద్ది రోజులూ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ సినిమాకి కాలేజీలో ఓ మాదిరి చప్పట్లు పడ్డాయి. తర్వాత రెండేళ్ళు చెల్లి ఎక్కడెక్కడో తిరిగింది. రమ్మన్నవాళ్ళు మళ్ళీ కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. చివరికి ఇంటికి దగ్గర్లో ఉన్న ఫోటో స్టూడియోలో చేరింది.

"పాస్‌పోర్టు ఫోటో తియ్యడానికి మూడేళ్ళ చదువా?" అని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నారు. అందులో ఎగతాళి ఎంతో, బెంగ ఎంతో నాకు తెలిసేది కాదు. చెల్లి మాత్రం, "మీరు తీయించుకున్న ఫోటో చూసుకోండి నాన్నా. దొంగలా ఉన్నారు. నా దగ్గరికొస్తే కనీసం దొరలా ఉండేవారు," అనేది.

ఒకసారి నేనే అడిగాను, ఆ మూడేళ్ళూ దండగ అనిపించదా అని. బట్టలు ఆరేస్తోంది. క్లిప్పు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "పరాయివాళ్ళ ఇంటికెళ్ళి, మీ హాలు ఖాళీ చేసిస్తారా అని నవ్వుతూ అడగడం వచ్చింది. చెప్పిందే ఇరవైసార్లు చెప్పినా గొంతు పెంచకుండా ఉండటం వచ్చింది. ఫ్రిజ్ కడగడం వచ్చింది," అంది. "సినిమా తియ్యడమే రాలేదు." అని తడి తువాలు నా మొహాన వేసింది.

నాన్న పోయిన మరుసటి ఏడాది అమ్మకి మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. పోనిది ఆ గది ఒక్కటే. చీకట్లో కూడా లేచి, తడుముకోకుండా నీళ్ళు తాగి వచ్చి పడుకునేది. ఒకసారి చెల్లికి జ్వరమొస్తే అమ్మని మా ఇంటికి తెచ్చుకున్నాను. సంచీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. భోజనం ముట్టలేదు. "మా ఇంటికి పోవాలి, వాళ్ళు చూస్తుంటారు," అంటూ ఏడ్చింది. మా ఆయన్ని చూసి భయపడి బాత్రూములో గడియ పెట్టుకుంది.

అలాంటి సమయంలో అమ్మా చెల్లీ ఉంటున్న భవనానికి బీటలు వారాయి. పడగొడతాం, ఖాళీ చెయ్యమన్నారు. డాక్టరు మాటలు నానబెట్టే మనిషి కాదు. "కొత్త చోటుకి మారితే ఈవిడ తట్టుకోవడం కష్టం. తిండి మానేస్తారు, తిరగబడతారు. ఇలాంటివాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్చడం గురించి ఆలోచించండి," అన్నారు. నాకు అది సబబే అనిపించింది. బయటికొచ్చాక చెల్లి ఆటో కోసం చూస్తూ, "చోటు మారితే కదా," అంది.

"మారకుండా ఎలాగే? ఇల్లు పడగొడుతుంటే?"

"సెట్ వేస్తా."

ఇల్లు చూపించే బ్రోకరు దీనితో వేగలేక చచ్చాడు. "వంటగది చూడండి మేడం, ఎంత విశాలమో," అంటాడు. "వద్దండీ, ఆ గది కిటికీ తీసి చూపించండి," అంటుంది ఇది. తలుపులోంచి లోపలికి వెళితే కిటికీ ఎడమ చేతికి రావాలి. ఆ ఒక్క సంగతి కోసం ఎన్ని ఇళ్ళు వద్దందో. చివరికి ఒక వీధిలో, కింద దుకాణాలున్న భవనం రెండో అంతస్తులో దొరికింది. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి పీల్చుకోలేరు. అయినా సరేనంది.

ఆలోపే పాత ఇల్లు ఒక్క పూటలో ఖాళీ చేయించేశారు, ఆ గది ఫోటోలు మా దగ్గర లేవు. ఉన్నదల్లా ఆ గుండీ సినిమా. కంప్యూటర్లో ఆపి ఆపి చూస్తూ కాగితం మీద గీసుకుంది. నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. పాత గోడ రంగు వెలిసిపోయిన ఆకుపచ్చ, కొత్త రంగు మరీ నిగనిగలాడుతోందని పల్చటి టీ డికాక్షన్‌లో గుడ్డ ముంచి గోడంతా అద్దింది. కాలేజీలో నేర్చుకున్న ఉపాయం.

"గోడకి వేడి టీ, నాకు చల్లారిన టీనా?" అన్నాను.

"గోడ నీలాగా వంకలు పెట్టదు."

పొడుగు కూడా వచ్చాడు. ఇప్పుడతను ఫంక్షన్లకి లైట్లు అద్దెకిస్తాడు, జుట్టు ఊడిపోయింది, పొడుగు తగ్గలేదు. పాత ఇంట్లో ట్యూబులైటు వెలిగే ముందు కొట్టుకునేది. ఆ లైటునే ఊడదీసుకొచ్చి, బాగుచెయ్యకుండా బిగించాడు. ఆ హడావుడి అయ్యేదాకా ఎంత ఏడ్చినా అమ్మని నా దగ్గరే ఉంచుకుని, అంతా సిద్ధమయ్యాక తీసుకొచ్చాం. గదిలోకి రాగానే అమ్మ భుజాలు కిందికి దిగాయి. స్టూలు తడిమింది. పడుకుంది. చెల్లి వంటగదిలోకి వెళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ లేస్తూనే కుడివైపు దిగబోయి, గోడకి కొట్టుకుంది. నుదురు చిట్లింది. "ఎవరిల్లు ఇది? నన్నెవరు తెచ్చారు?" అని అరిచింది. ఆ మర్నాడూ అంతే. భోజనం తోసేసింది. చెల్లి సినిమా పెట్టుకుని కూర్చుంది. తెర మీది గది, ఎదురుగా ఉన్న గది. మంచం అక్కడే, బీరువా అక్కడే, ఏ తేడా లేదు.

"హోమ్‌వాళ్ళకి ఫోన్ చేస్తానే," అన్నాను.

"ఆదివారం దాకా ఆగక్కా. కాళ్ళు పట్టుకుంటా."

ఆదివారం పొడుగు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమే గ్లాసూ, మంచం ఎక్కడేశావ్?"

"సినిమాలో ఉన్నచోటే."

"సినిమాలో ఉన్నచోటు మనం పెట్టిందే కదే. కెమెరాకి చోటు చాల్లేదని మంచం తల అటుది ఇటు తిప్పించింది నువ్వే. బీరువా కూడా చీట్ చేశాం."

కెమెరాకి వీలుగా సామాను జరపడాన్ని వాళ్ళు చీట్ చెయ్యడం అంటారు. చూసేవాళ్ళకి తెలియదు. చెల్లి నేల మీద కూర్చుండిపోయింది. అసలు గదిలో అమ్మ తల కిటికీ వైపు ఉండేది, గోడ ఎడమకి, దిగడం కుడికి. సినిమాలో తల తలుపు వైపు. గోడ కుడికి వచ్చేసింది. ఎడిటింగ్ చేస్తూ ఆ గదిని వందలసార్లు చూసి ఉంటుంది. చూసి చూసి, మేం పుట్టి పెరిగిన గదిని ఆ గది మింగేసింది. నాకూ తట్టలేదు. పెళ్ళయ్యేదాకా ఆ గదిలో అమ్మ పక్కన పడుకున్న మనిషిని నేను.

"ఇంకెవరూ చెయ్యరే ఈ తప్పు," అన్నాడు పొడుగు, మంచం ఒక కాలు ఎత్తుతూ. "సొంత ఇల్లు మర్చిపోయి సొంత సినిమా గుర్తుపెట్టుకున్నావు."

మంచం తిప్పాం, బీరువా జరిపాం. మర్నాడు అమ్మ కుడివైపు దిగి నీళ్ళు తాగింది.

అలా రెండేళ్ళ పైచిలుకు గడిచింది. ఉదయం నేను వచ్చేదాన్ని, చెల్లి స్టూడియోకి వెళ్ళేది. చీకటిపడే వేళకి అది రాగానే నేను మా ఇంటికి పోయేదాన్ని. పగలు అమ్మ ఎక్కువగా కునికేది. నన్ను గుర్తుపట్టేది కాదు. "నువ్వు ఏ పనికొచ్చావమ్మా?" అని మర్యాదగా అడిగేది. "నీ పనికే," అంటే తల ఊపేది. అమ్మ స్నానానికి వెళ్ళిన కాసేపట్లో చెల్లి గదిని తన ఫోనులో తీసిపెట్టుకున్న ఫోటోతో సరిచూసి ఎక్కడివక్కడ పెట్టేది. దాన్ని చూస్తుంటే నాకు ఒక్కోసారి చిరాకేసేది. జీవితమంతా ఒకే సీను తీస్తూ కూర్చుంది, రెండో సీను రాదు అనిపించేది.

చెల్లి పోయాక నేను నా మూటా ముల్లే తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. విషయం చెప్పాను. "అయ్యో పాపం," అంది అమ్మ. "ఎవరమ్మాయి?" మళ్ళీ చెప్పలేదు.

గదిలో ఏ మార్పూ రానివ్వలేదు. చెల్లి ఫోనులో గది ఫోటోలు ఎన్నో ఉన్నాయి, ఒక్కదానిలోనూ చెల్లి లేదు. వాటితో సరిచూసేదాన్ని. అమ్మ పగలు బాగానే ఉండేది, తినేది. కానీ పడుకునేది కాదు. భోజనమయ్యాక మంచం అంచున నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తుండేది.

"పడుకో అమ్మా."

"ఇంకా చెప్పలేదుగా."

"ఎవరు చెప్పాలి? నేను చెబుతున్నానుగా."

తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసేది. భుజం పట్టుకుని పడుకోబెడితే లేచి కూర్చునేది. తెల్లారేసరికి కాళ్ళు వాచిపోయి ఉండేవి. కూర్చున్నచోటే తూగి రెండుసార్లు కిందపడింది. పొడుగుని పిలిచాను. కిటికీ, లైటు, బీరువా, స్టూలు, సుద్ద గుర్తుల మీద మంచం కాళ్ళు, అన్నీ చూశాడు. పాత సినిమా తెచ్చి చూశాం, ఈసారి చీట్ చేసినవన్నీ గుర్తుపెట్టుకుని. గదిలో తప్పు దొరకలేదు.

"అన్నీ ఉన్నాయక్కా," అన్నాడు బయటికొచ్చి.

మూడోసారి పడ్డప్పుడు తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి నేరుగా హోమ్‌కి తీసుకెళ్ళాం. అక్కడ శుభ్రంగా ఉంటుంది, ఆయాలు మంచివాళ్ళు. నిద్రకి మందు ఇచ్చేవారు. మందు కళ్ళమీదికి వచ్చేదాకా అమ్మ దిండుకి ఆనుకుని, తలెత్తి, ఆ కొత్త తలుపునే చూసేదని ఆయా చెప్పింది. అమ్మ ఆ చలికాలం దాటలేదు.

ఫ్లాటు ఖాళీ చెయ్యడానికి వెళ్ళినప్పుడు గదిలో సామాను ఎత్తేవాళ్ళని పెట్టి నేను మెట్ల దగ్గర కూర్చున్నాను. ఎదురు వాటాలో ఉండే టైలరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి, పక్కనే కూలబడింది. పగలంతా కింద దుకాణంలో మిషను తొక్కుతుంది, చీకటిపడ్డాకే పైకొస్తుంది. చెల్లి పోయాక మా వైపు రావడం మానేసింది, అందుకని నాకూ ఆవిడకీ పెద్దగా పరిచయం లేదు.

"ఫోటో అమ్మాయి ఉన్నన్నాళ్ళూ మీ అమ్మగారు హాయిగా ఉండేవారమ్మా," అంది. "నేను చేతిపని పట్టుకుని వచ్చి కూర్చునేదాన్ని. మీ అమ్మగారు నాకు గొంతు తగ్గించి చెప్పేవారు, ఇది మా ఇల్లు కాదమ్మా, అచ్చం మా ఇంటిలాగే కట్టారు, మా అమ్మాయి సినిమా తీస్తోంది, అదయ్యేదాకా నేను కదలకూడదు అని. చప్పుడు చెయ్యొద్దని నాకు సైగ చేసేవారు. భలే నవ్వొచ్చేది."

లోపల బీరువా జరుపుతున్నారు.

"రోజూ పళ్ళెం తీశాక ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టేది. 'ప్యాకప్ అమ్మా, చాలా బాగా చేశావు' అనేది. ఆ మాట వినగానే ఆవిడ పడుకునేవారు, చంటిపిల్లలా," అంది టైలరమ్మ, ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ. "మీకు తెలిసే ఉంటుందిలెండి."